చెన్నై హాస్టల్ గదిలో మొదటి గిటార్: కుడి చేతితో మొదలుపెట్టండి

ఉద్యోగానికని చెన్నై వచ్చి, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద షోలింగనల్లూరులోనో తొరైపాక్కంలోనో మరో ఇద్దరితో గది పంచుకుంటున్న తెలుగువాళ్లలో చాలామందికి గిటార్ నేర్చుకోవాలన్న కోరిక ఉంటుంది. చదువుకునే రోజుల్లో కుదరనిది ఇక్కడ కుదురుతుంది. జీతం చేతికొస్తుంది, శని ఆదివారాలు ఖాళీ దొరుకుతుంది, వాద్యం కొంటారు. రెండు నెలలు తిరిగేసరికి అది మంచం కిందికి చేరుతుంది. వేళ్ల నొప్పి వల్లనో, తీరిక లేకనో మానేశామని చెబుతారు గానీ, నేను గమనించినంతలో అసలు కారణం మరొకటి ఉంది. దాదాపు అందరూ తీగలు నొక్కే ఎడమ చేతితో మొదలుపెడతారు. పదిహేను కార్డులు (కొన్ని తీగలను నొక్కి కలిపి పలికించే స్వరాల గుంపులు) పట్టుకోవడం వస్తుంది, ఒక్క పాటకు కూడా తాళం తప్పకుండా వాయించడం రాదు. పాట పలకని వాద్యాన్ని ఎవరు మాత్రం ఎన్నాళ్లు ఒళ్లో పెట్టుకుంటారు?

అందుకే ఇక్కడ వరుస మార్చి చెబుతున్నాను: ముందు తీగలు మీటే కుడి చేయి, ఆ తర్వాతే ఎడమ చేయి. మీకు ఇష్టమైన తెలుగు పాటను మీరే పాడుకుంటూ మీరే తోడు వాయించుకోగలగాలి. రోజుకు ఇరవై నిమిషాలు ఇస్తే మూడు నాలుగు నెలల్లో అది తప్పక సాధ్యమవుతుంది.

కొనేముందు

మొదటి వాద్యాన్ని ఫోనులో బొమ్మ చూసి కొనకండి. ఒకే మోడల్‌లోని రెండు గిటార్లు కూడా చేతికి ఒకేలా ఉండవు. అన్నాసాలై మీద 1842లో మొదలైన మ్యూజీ మ్యూజికల్ ఇప్పటికీ ఉంది. నగరంలో ఇంకా చాలా దుకాణాలున్నాయి. వాయించడం వచ్చిన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, నాలుగైదు వాద్యాలు ఒళ్లో పెట్టుకుని చూడండి.

మూడు రకాలు కనిపిస్తాయి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ వేళ్లకు మెత్తగా ఉంటుంది, నాదమూ మృదువు. అయితే దాని మెడ వెడల్పు, చిన్న చేతులకు కార్డులు అందవు. ఎలక్ట్రిక్ గిటార్‌కు తీగలు అన్నిటికంటే సన్నగా ఉంటాయి. యాంప్ (నాదాన్ని పెంచే పెట్టె) లేకుండా వాయిస్తే పక్క మంచం మీద పడుకున్నవాళ్లకు మెలకువ కూడా రాదు. కానీ అలా వాయిస్తే గొంతుకు ఆసరా ఇచ్చేంత నాదం రాదు. పాడుకోవడానికైతే ఉక్కు తీగల అకౌస్టిక్ తీసుకోండి. పెద్ద డ్రెడ్‌నాట్ కంటే కాస్త చిన్నదైన కాన్సర్ట్ సైజు ఇరుకు గదిలో అనువుగా ఉంటుంది. పదివేల రూపాయలకు అటూ ఇటూగా నమ్మకమైనవి దొరుకుతాయి. మరీ చవక వాద్యాలలో చాలావాటికి తీగలు బాగా ఎత్తుగా ఉంటాయి, శ్రుతి నిలవదు. అలాంటిదాని మీద నేర్చుకునేవారికి తమ చేతిలోనే లోపం ఉందనిపిస్తుంది, అది అన్యాయం.

దుకాణంలో రెండు పరీక్షలు చేయండి. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలే ఫ్రెట్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎడం చూడండి. రెండున్నర మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు, మూడు దాటితే తగ్గించి ఇమ్మనండి. తర్వాత ఒక్కో తీగను ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటండి, ఎక్కడైనా జుయ్‌మని చప్పుడు వస్తే వేరేది చూడండి. తీగలు ‘టెన్స్’ వేసి ఇమ్మని అడగండి. మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట పది వంతులుండే సెట్ అది. కొత్త వేళ్లకు అంతకంటే లావు వద్దు.

వీటితోపాటు ఒక కాపో (ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు), తీగలు మీటడానికి అర మిల్లీమీటరు మందం పిక్‌లు రెండు మూడు, అదనపు తీగల సెట్, మెడ చివర తగిలించి శ్రుతి సరిచూసుకునే క్లిప్ ట్యూనర్ కొనండి. ఫోనులో ట్యూనర్ యాప్‌లు ఉన్నా, ఫ్యాను, పక్కవాళ్ల మాటలు ఉన్న గదిలో ఫోను మైకు తికమకపడుతుంది. క్లిప్ ట్యూనర్ చెక్కలోని కంపనాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఆ బాధ ఉండదు.

సముద్రపు గాలి సంగతి

గిటార్ చెక్కకు హాయిగా ఉండేది గాలిలో 45 నుంచి 55 శాతం తేమ. చెన్నైలో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకు మించే ఉంటుంది, పైగా గాలిలో ఉప్పు. ఉక్కు తీగలు ఇక్కడ త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పాత నూలు గుడ్డతో తీగలను పైనా కిందా తుడవండి. రెండు మూడు నెలలకోసారి మార్చేయండి. పైపలక ఒకే చెక్కతో చేసిన సాలిడ్ టాప్ నాదం గొప్పదే, కానీ రాత్రంతా ఏసీ, పగలంతా ఉక్కపోత ఉండే హాస్టల్ గదిలో పొరలు అతికించిన లామినేట్ పలకే ఎక్కువ ఓర్చుకుంటుంది. ఏసీ గాలి సూటిగా తగిలేచోట, ఎండ పడే కిటికీ పక్కన మాత్రం పెట్టకండి.

అలాగని ఎప్పుడూ సంచిలో జిప్ వేసి ఉంచినా చేయి దాని దగ్గరికి పోదు. వాయించే రోజుల్లో గోడ స్టాండుకో, మంచం పక్కన నేల స్టాండుకో తగిలించి, కంటికి ఎదురుగా ఉంచుకోండి. ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పేలోగా చేతికందేంత దగ్గర ఉండాలి.

కూర్చోవడం, శ్రుతి చేయడం

చేతులు లేని కుర్చీలోనో స్టూలు మీదో కూర్చోండి. పరుపు కుంగుతుంది, నడుము వంగుతుంది. గిటార్ కుడి తొడ మీద ఉండాలి. ఫ్రెట్లు కనిపించడం కోసం వాద్యాన్ని మీవైపు వంచుకోకండి, మణికట్టు మెలితిరిగి నొప్పి మొదలవుతుంది. ఎడమ బొటనవేలు మెడ వెనక, గోళ్లు పొట్టిగా. వేలి కొనలు మండితే కంగారుపడకండి, కొద్ది వారాల్లో చర్మం గట్టిపడుతుంది. మణికట్టులోనో ముంజేతిలోనో నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకు ఆపేసి కూర్చునే తీరు సరిచూసుకోండి.

తీగలను సన్నదాని నుంచి ఒకటి, రెండు అని లెక్కిస్తారు. లావు తీగ ఆరోది. ఆరు నుంచి ఒకటి దాకా వాటి స్వరాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఈ (E), ఏ (A), డి (D), జి (G), బి (B), ఈ (E). ట్యూనర్ సూది స్వరం దాటిపోతే కాస్త కిందికి దించి, మళ్లీ పైకి బిగిస్తూ ఆపండి. పైనుంచి కిందికి వచ్చి ఆపితే మర సర్దుకుని శ్రుతి జారిపోతుంది. ట్యూనర్ చూసి శ్రుతి చేశాక ఒకసారి చెవితోనూ సరిచూడండి. ఆరో తీగ అయిదో ఫ్రెట్ దగ్గర నొక్కితే అయిదో తీగ స్వరం పలకాలి. అలాగే ఒక్కో తీగా తర్వాతిదానితో కలుస్తుంది, మూడో తీగ నుంచి రెండోదానికి మాత్రం నాలుగో ఫ్రెట్.

కుడి చేయి

మొదటి వారం కార్డులు వద్దు. ఎడమ అరచేతిని తీగల మీద ఊరికే ఆనించి, నాదం రాకుండా ఆపండి. కుడి చేతిలో పిక్ పట్టుకోండి. మీటినప్పుడు చిక్ చిక్ అనే పొడి చప్పుడే వస్తుంది. చెవికి స్వరం తగలనప్పుడు మనసు మొత్తం తాళం మీద నిలుస్తుంది.

ఇక్కడ మనకు పుట్టుకతో వచ్చిన సాధనం ఉంది. భజనల్లోనో, సంగీతం క్లాసులోనో, నాట్యం చూస్తూనో తకధిమి, తకిట విననివారు మనలో అరుదు. నోటితో ‘త క ధి మి త క జ ను’ అంటూ చేతిని ఆడించండి. ఒక్కో అక్షరానికి ఒక్కో కదలిక. త కిందికి, క పైకి, ధి కిందికి, మి పైకి, మళ్లీ త కిందికి, క పైకి, జ కిందికి, ను పైకి. కదలిక మోచేతి నుంచి మొదలై మణికట్టు దగ్గర వదులుగా ముగియాలి. మెట్రోనోమ్‌ను (సమంగా టిక్కులు వేసే పరికరం) 60 మీద, అంటే నిమిషానికి అరవై టిక్కుల మీద పెట్టి, చేయి కిందికి వచ్చే ప్రతిసారీ ఒక టిక్కు పడేలా చూసుకోండి. ఈ ఎనిమిది అక్షరాలు రెండుసార్లు వస్తే ఆది తాళం ఒక ఆవృతం, అంటే ఒక పూర్తి చుట్టు, అవుతుంది.

ఎనిమిది దెబ్బలూ సమంగా పడ్డాక అసలు పని మొదలవుతుంది. మొదటి ‘క’ దగ్గర, రెండో ‘త’ దగ్గర చేయి మామూలుగానే కదలాలి, తీగలను మాత్రం తాకకూడదు. మిగిలిన ఆరు అక్షరాలకే చప్పుడు రావాలి. ‘త — ధిమి — కజను’. నిదానంగా అని చూడండి. లెక్కలేనన్ని సినిమా పాటల వెనక గిటార్ మీద వినిపించే నడక ఇదే.

రెండో ‘త’ దగ్గరే అందరూ తడబడతారు. అది సగం ఆవృతంలో బలమైన చోటు కాబట్టి చేయి అక్కడ గట్టిగా కొట్టాలనే చూస్తుంది. కొట్టకుండా ఆపమంటే కదలికే ఆపేస్తుంది. ఆగిన చేయి తర్వాతి ‘క’కు ఆలస్యంగా లేస్తుంది, తాళం చెదురుతుంది. అందుకని ఆ ‘త’ దగ్గర చేతిని ఇంకాస్త బయటికి, తీగలకు నాలుగు వేళ్ల దూరంలో గాలిలోనే కిందికి జార్చండి. నోరు మాత్రం ‘త’ అని గట్టిగా అనాలి. నోరు పలికి, చేయి మౌనంగా కదిలే ఆ ఒక్క క్షణం పట్టుబడితే చాలు, మిగతాదంతా సులువు.

మన మెలొడీ పాటల్లో చాలావాటికి తిశ్ర నడక, అంటే మూడేసి అక్షరాల నడక, ఉంటుంది, వాటికి పై నడక కుదరదు. ‘త కి ట’ అంటూ త దగ్గర లావు తీగల్లో ఒక్కదాన్ని మీటి, కి, ట దగ్గర సన్న తీగల మీద తేలికగా కిందికి దువ్వండి. ఒక వారం ఒకటి, మరో వారం రెండోది. ఈ రెండు నడకలతోనే మీకు తెలిసిన పాటల్లో ఎన్నో పాడుకోవచ్చు.

మూడు కార్డులు, ఒక రాగం

చాలామంది గురువులు జి, సి, డి కార్డులతో మొదలుపెడతారు. నేను ఏ మైనర్ (Am), ఈ మేజర్ (E) జంటతో మొదలుపెట్టమంటాను. ఈ మేజర్‌కు చూపుడువేలు మూడో తీగ ఒకటో ఫ్రెట్ మీద, మధ్యవేలు అయిదో తీగ రెండో ఫ్రెట్ మీద, ఉంగరపువేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద ఉండాలి. అదే ఆకారాన్ని చెదరకుండా ఎత్తి, మూడు వేళ్లనూ ఒక్కో తీగ కిందికి, అంటే సన్న తీగల వైపు జరిపితే ఏ మైనర్. వేళ్ల మధ్య దూరాలు మారవు కాబట్టి మార్పు తొందరగా వస్తుంది. ఈ మేజర్‌కు ఆరు తీగలూ, ఏ మైనర్‌కు అయిదో తీగ నుంచి మీటండి.

వేలిని ఫ్రెట్ గీత మీద కాకుండా దానికి సరిగ్గా వెనక నొక్కండి, సగం బలం సరిపోతుంది. కార్డ్ పట్టుకుని ఒక్కో తీగనూ విడిగా మీటి చూడండి. ఏదైనా మూగపోతే పక్క వేలు దాన్ని తాకుతోందేమో, లేదా నొక్కిన బలం చాలలేదేమో చూడండి.

ఆ తర్వాత డి మైనర్: చూపుడువేలు ఒకటో తీగ ఒకటో ఫ్రెట్, మధ్యవేలు మూడో తీగ రెండో ఫ్రెట్, ఉంగరపువేలు రెండో తీగ మూడో ఫ్రెట్. నాలుగో తీగ నుంచి మీటాలి. ఈ మూడు కార్డులలోని స్వరాలన్నీ కలిపితే, ‘ఏ’ను షడ్జమంగా, అంటే ‘స’గా తీసుకున్నప్పుడు, కీరవాణి రాగంలోని ఏడు స్వరాలూ వస్తాయి. ఏ మైనర్ షడ్జమానికి (స), డి మైనర్ మధ్యమానికి (మ), ఈ మేజర్ పంచమానికి (ప). కీరవాణి ఛాయలో ఉన్న పాట ఏది గుర్తొచ్చినా ఈ మూడింటితో ప్రయత్నించండి. ఇలాగే జి, సి, డి మేజర్ కార్డులు కలిస్తే ‘జి’ షడ్జమంగా శంకరాభరణం పూర్తవుతుంది. వాటిని రెండో నెలలో చేర్చుకోండి.

కార్డ్ మార్చేటప్పుడు కుడి చేయి ఎట్టి పరిస్థితిలోనూ ఆగకూడదు. ఎడమ చేయి అందుకోలేకపోతే తప్పు స్వరమే పలకనివ్వండి. వినేవారు తప్పు కార్డును క్షమిస్తారు, విరిగిన తాళాన్ని క్షమించరు. అనుభవజ్ఞులు చేసే పని ఒకటుంది. చివరి ‘ను’ దగ్గర ఎడమ వేళ్లను ఎత్తేసి, పైకి వచ్చే దెబ్బను ఖాళీ తీగల మీదే వేస్తారు. ఆ రెప్పపాటులో వేళ్లు కొత్త చోటికి చేరతాయి, చెవికి తేడా తెలియదు. మొదటి రోజు నుంచే ఇది అలవాటు చేసుకోండి.

మీ గొంతుకు తగిన చోటు

ఇంటర్నెట్‌లో దొరికే కార్డులు ఎక్కువగా గాయకుల శ్రుతిలో ఉంటాయి, మీ గొంతు వేరు. పాటను వాద్యం లేకుండా మీకు హాయిగా ఉన్న ఎత్తులో పాడండి. పల్లవి చివర స్వరం విశ్రాంతిగా ఆగేచోటు సాధారణంగా షడ్జమం. అదే స్వరాన్ని ఆరో తీగ మీద వెతకండి. ఖాళీ తీగ ఈ, మూడో ఫ్రెట్ జి, అయిదోది ఏ, ఎనిమిదోది సి, పదోది డి. శ్రుతి పెట్టె లెక్క తెలిసినవారికి సి అంటే ఒకటి, డి రెండు, జి అయిదు, ఏ ఆరు.

మీ షడ్జమం ఏ (A) అయితే పైన చెప్పిన కీరవాణి కార్డులకు కాపో అక్కర్లేదు. సి అయితే కాపోను మూడో ఫ్రెట్‌కు బిగించి అవే ఆకారాలు పట్టుకోండి. డి అయితే అయిదో ఫ్రెట్. కాపోను ఫ్రెట్‌కు ఆనుకుని బిగించి, ఒకసారి శ్రుతి సరిచూడండి. ఆడవారి గొంతు తరచు జి చుట్టుపక్కల ఉంటుంది. శంకరాభరణం పాటలకు వారికి జి, సి, డి కార్డులు కాపో లేకుండానే సరిపోతాయి.

పాటను రాసుకునే పద్ధతి

ఒక గీతల నోట్‌బుక్ పెట్టుకుని పాటను తెలుగు లిపిలో, చేత్తో రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న సాహిత్యం చూసి పాడితే దీర్ఘాలు పోతాయి, దీర్ఘం పోతే తాళం పోతుంది. ఒక్కో పంక్తి మధ్య ఒక గీత ఖాళీ వదిలి, తాళం సమం, అంటే ఆవృతం మొదలయ్యే దెబ్బ, ఏ అక్షరం మీద పడుతుందో చేత్తో తొడ మీద వేసుకుంటూ గుర్తించి, ఆ అక్షరానికి సరిగ్గా పైన కార్డ్ పేరు రాయండి. సమం చాలాసార్లు మాట మధ్యలో పడుతుంది. పాట ఎత్తుగడ కూడా సమానికి ముందో వెనకో ఉండొచ్చు. కాబట్టి కుడి చేతిని ముందు ఒక ఆవృతం నడిపించి, ఆ తర్వాత గొంతు కలపండి.

ఏ కార్డ్ వేయాలో తెలియకపోతే స, మ, ప కార్డులు మూడింటినీ ఆ అక్షరం దగ్గర వేసి చూడండి. చెవే చెబుతుంది. ఇలా సొంతంగా కట్టుకున్న ఒక్క పాట, ఇంటర్నెట్‌లో చూసి వాయించిన పది పాటల కంటే ఎక్కువ నేర్పుతుంది.

గదిలో మిగతావాళ్లు, గురువు

పక్క మంచం స్నేహితుడు అమెరికా వేళల్లో పనిచేసి పగలు నిద్రపోతుంటే, అతణ్ణి అడిగి ఒక వేళ కుదుర్చుకోండి. నిశ్శబ్దంగా సాధన చేయాల్సి వస్తే బ్రిడ్జ్ (పైపలక మీద తీగలు బిగించి ఉండే పట్టీ) దగ్గర తీగల కింద చేతిరుమాలు దూర్చి, పిక్ బదులు బొటనవేలి మెత్తని భాగంతో మీటండి. సాయంత్రం మేడ మీద సముద్రపు గాలి తగిలే వేళ కూడా బాగుంటుంది, కిందికి వచ్చాక తీగలు తుడవడం మరవకండి.

మొదటి నెల దాటాక నెలకు రెండుసార్లయినా గురువు ముందు కూర్చోవడం మంచిది, మన చేతి తప్పు మనకు కనిపించదు. తెలుగు సినిమా పాటలు దశాబ్దాల పాటు ఈ నగరంలోనే రికార్డయ్యాయి. కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం ప్రాంతాలు ఆ పాటలకు పుట్టిళ్లు. ఇళయరాజా పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నది కూడా ఇక్కడే, ధనరాజ్ మాస్టర్ దగ్గర. మీకు కావలసిన పాట గురువుకు తెలుగులో తెలియకపోతే బాణీ కూనిరాగం తీయండి. చాలా బాణీలు తమిళంలోనూ ఉన్నాయి, వెంటనే గుర్తుపడతారు. చేరేముందు ఒక్క క్లాసు చూడండి. మీ కుడి చేతిని గమనించి సరిదిద్దే గురువైతే చేరండి. ట్రినిటీ, రాక్‌స్కూల్ గ్రేడ్ పరీక్షలు నోటేషన్ నేర్చుకోవాలన్నవారికి ఉపయోగపడతాయి, పాడుకోవడానికి వాటి అవసరం లేదు.

డిసెంబరులో కర్ణాటక సంగీత సభలు మొదలవుతాయి. పగటి పూట యువకళాకారుల కచేరీలకు చాలాచోట్ల టికెట్టు ఉండదు. వెళ్లి కూర్చుని, మృదంగం వైపు చూస్తూ తాళం వేయండి. త్యాగరాజు కృతులు తెలుగులోనే కదా, సాహిత్యంలో ఏ అక్షరం మీద సమం పడుతోందో పక్కన కూర్చున్న చాలామంది కంటే మీకే సులువుగా అందుతుంది. నోట్‌బుక్‌లో కార్డులు రాసుకునేటప్పుడు చేసే పని సరిగ్గా అదే.

నాలుగో నెలకు ఎఫ్ కార్డ్ ఎదురవుతుంది. చూపుడువేలు మొదటి ఫ్రెట్ దగ్గర ఆరు తీగలనూ ఒకేసారి నొక్కాలి, మిగతా మూడు వేళ్లూ దాని ముందు ఈ మేజర్ ఆకారం పట్టాలి. బలం చాలదనుకుని మొదటి ఫ్రెట్ దగ్గరే కుస్తీ పడకండి, తీగ అక్కడే అన్నిటికంటే బిగువుగా ఉంటుంది. అదే ఆకారాన్ని ముందు అయిదో ఫ్రెట్ దగ్గర పట్టుకోండి, అక్కడ అది ఏ మేజర్ అవుతుంది. చూపుడువేలిని కాస్త పక్కకు, ఎముక ఉన్న అంచు వైపు ఒరిగించి, బొటనవేలితో పిండే బదులు మోచేతి బరువును వెనక్కి లాగండి. నాదం శుభ్రంగా వచ్చాక వారానికొక ఫ్రెట్ చొప్పున వెనక్కి రండి. ఈలోగా పాటలో ఎఫ్ వచ్చినచోట నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ ఒకటో ఫ్రెట్ పట్టి, ఒకటో తీగను ఖాళీగా వదిలి ఆ నాలుగు తీగలే మీటండి. దాన్ని ఎఫ్ మేజర్ సెవెన్ అంటారు, చాలా పాటల్లో అదే ఇంకా ఇంపుగా ఉంటుంది.